దీపం లేని వూళ్ళు

మా అత్తవారి ఇంటిపేరు ఒక వూరి పేరు. అందులో వింతేముంది, తెలుగువాళ్ళలో ఎంతమంది ఇంటిపేర్లు వూళ్ళ పేర్లు కావు గనుక, అంటారు మీరు. నిజమే. కాని మా వూరికి ఒక ప్రత్యేకత వుంది. ఆ వూరు లేదు!

నేను కృష్ణా కాలవల కింద పుట్టి పెరిగినదాన్ని. పెళ్ళయి అనంతపురం వచ్చిన కొత్తలో ఓ సాయంత్రం మామగారిని అడిగాను, "మన వూరు ఎక్కడుంది మామయ్యగారూ?" అని. ఆయన పడక్కుర్చీలోంచి లేవకుండానే, "కళ్యాణదుర్గం దాటినాక వుందమ్మా" అన్నారు. ఒక్క క్షణం ఆగి, "వుండె" అని దిద్దుకున్నారు. "వుంది"కీ "వుండె"కీ నడుమ ఎంత కథ వుందో ఆవేళ నాకు తట్టలేదు. ఏదో యాస కాబోలు అనుకున్నాను.

ఆ తర్వాత కొన్నేళ్ళకు పొలం కాగితాల పనిమీద అత్తయ్యా, నేనూ రెవిన్యూ ఆఫీసుకు వెళ్ళాం. గుమాస్తాగారు పాత రిజిస్టరు దుమ్ము దులిపి, వేలితో వరుసగా చూసుకుంటూ వచ్చి, "ఆ, దొరికింది. కాని ఇది బేచిరాకు గ్రామమమ్మా" అన్నారు. ఆ మాట నేనెప్పుడూ వినలేదు. బేచిరాకు అంటే ఏమిటండీ అని అడిగితే, "జనం లేని వూరు" అన్నారాయన, చాలా మామూలుగా.

ఇంటికొచ్చి మామగారిని అడిగాను. ఆయన పాతకాలపు చదువరి, ఉర్దూ ఫార్సీ మాటలు కొన్ని తెలుసు. బేకారు అంటాం, బేఫికరు అంటాం. 'బే' అంటే లేని. 'చిరాగ్' అంటే దీపం. రెండూ కలిస్తే దీపం లేనిది. నవాబుల నాటి లెక్కల మాట అది. దొరలొచ్చినా, దొరలు పోయినా, రిజిస్టర్లో మాత్రం అలాగే వుండిపోయింది. 

శిస్తులు, సిబ్బందులు, సర్వే నెంబర్లు తప్ప మరొకటి ఎరగని సర్కారు లెక్కల్లో ఇంత మాట వుంటుందని నేను అనుకోలేదు సుమండీ! జనం లేని వూరు అనలేదు, ఇళ్ళు కూలిన వూరు అనలేదు. దీపం లేని వూరు అన్నారు. పొద్దు వాలగానే దీపం పెట్టేదెవరు? రాజుగారు కాదు, రెడ్డిగారు కాదు, కరణంగారు కాదు. ఇల్లాలు. అంటే ఆ లెక్క రాసినవాడు తెలిసి రాశాడో తెలియక రాశాడో గాని, ఒక వూరు బతికి వుందో లేదో ఆడదాని చేతిలోని దీపంతో కొలిచాడన్నమాట.

ఇంకో చమత్కారం చూడండి. వూరు ఆరిపోయినా లెక్క ఆరిపోదు. బేచిరాకు గ్రామానికీ హద్దులుంటాయి, సర్వే నెంబర్లుంటాయి, చెరువు పోరంబోకు వుంటుంది. పక్క వూరివాళ్ళు వచ్చి ఆ పొలాలు దున్నుకుంటారు. జనాభా లెక్కలవాళ్ళు కూడా పదేళ్ళకోసారి ఆ పేరు రాసి, నివాసం లేని గ్రామం అని గుర్తు పెట్టుకుంటారు. నేల మాత్రం వుంటుంది. మనుషులు ఎందుకు పోయారో, ఎక్కడికి పోయారో ఆ రిజిస్టర్లో ఏ గడిలోనూ వుండదు.

ఆ ఏడు కార్తీకమాసంలో అత్తయ్య నన్ను ఆ వూరికి తీసుకెళ్ళింది. వూరమ్మకు ఏటా ఓ దీపం పెట్టి, పొంగలి వండి వస్తుందావిడ. పక్క వూళ్ళో బస్సు దిగి, ఎర్రటి గరుసు నేలమీద రెండు మైళ్ళు నడిచాం. ఓ మట్టిదిబ్బ కనిపించింది. దానిమీద పెద్ద వేపచెట్టు, చెట్టుకింద నాగశిలలు, కొంచెం దూరంలో పక్కకు ఒరిగిన బొడ్డురాయి, సగం పూడిపోయిన దిగుడుబావి. అంతే వూరు!

కాదు, ఇంకొకటి వుంది. రోళ్ళు. దిబ్బమీద అక్కడక్కడా నేలలో పాతిన రాతి రోళ్ళు ఆకాశం వంక నోరు తెరుచుకుని వున్నాయి. అత్తయ్య ఒకదాని దగ్గర కూర్చుని, కొంగుతో అందులోని దుమ్ము తుడిచింది. "ఇది మనింటిదే అంటారు. పోయేటోళ్ళు ఇసుర్రాయి ఎత్తుకపోయినారు, బానలు ఎత్తుకపోయినారు. రోలు యాడికి ఎత్తుకపోతారు?" అంది. వాన నీళ్ళు నిలిస్తే పిట్టలు వచ్చి తాగిపోతాయట.

దిబ్బకు ఒక పక్క ఎవరో నిలువునా కోసేశారు. దగ్గరికి వెళ్ళి చూస్తే బూడిద పొర, దానిమీద మట్టి పొర, మళ్ళీ బూడిద. మధ్యలో కుండపెంకులు, నల్లగాజు ముక్కలు. పాడుబడ్డ వూరి మట్టిని పాటిమన్ను అంటారు. చేలకు మంచి బలం. అందుకని చుట్టుపక్కల రైతులు బళ్ళకెత్తి తోలుకుంటారు. ఎందరు ముత్తవ్వలు పొయ్యిలోంచి ఎత్తి పోసిన బూడిదో, ఎవరి జొన్నచేనుకో ఎరువయింది. తప్పని నేను అనడంలేదు. వూరు పోతూ పోతూ కూడా ఒకరికి అన్నం పెట్టింది.

అప్పటినుంచీ నాకు ఈ ఆరిపోయిన వూళ్ళ సంగతి ఎక్కడ కనబడితే అక్కడ చదవడం అలవాటయింది. చదువుతున్నకొద్దీ ఒక విషయం నన్ను ఆశ్చర్యపరిచింది. ఈ సీమలో వూళ్ళు ఆరిపోవడం కొత్త కాదు. కాని ఒకప్పుడు ఆరిపోయిన వూళ్ళను మళ్ళీ వెలిగించేవాళ్ళు!

1800వ సంవత్సరం దాకా ఈ ప్రాంతం నిజాంనవాబు చేతిలో వుండేది. అంతకు ముందు హైదరూ, టిప్పూ. మధ్యమధ్య మరాఠా దండ్లు. ఎవరి కోట వాళ్ళది, ఎవరి వసూలు వాళ్ళది అన్నట్టు పాలెగాళ్ళు. ఆ ఏడు అక్టోబరులో నిజాం తన దగ్గరుంచుకున్న ఇంగ్లీషు పటాలం ఖర్చు కింద ఈ సీమనంతా కుంపిణీకి ఇచ్చేశాడు. అందుకే దత్తమండలం అన్నారు. రాయలసీమ అన్న అందమైన పేరు 1928లో గాని రాలేదు. ఆ దత్తమండలానికి వచ్చిన కలెక్టరే థామస్ మన్రో. ఏడేళ్ళు డేరాల్లో తిరుగుతూ పనిచేశాడు. ఈవేళకీ సీమలో ఆయన పేరు చెప్పుకుంటారు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారంటే చూడండి!

ఆ రోజుల్లోనే కల్నల్ మెకంజీ అనే ఆయన, కావలి సోదరులనే మన తెలుగువారి సాయంతో, వూరూరి చరిత్రలూ రాయించాడు. వాటిని కైఫీయతులు అంటారు. ఆ కైఫీయతుల్లో మాటిమాటికీ ఒక మాట వస్తుంది: ఫలానా గ్రామం "ఖిలమయినది" అని. అంటే పాడుపడింది. దండు వచ్చిందనో, వాన పడలేదనో, పాలెగాడు పీడించాడనో జనం వూరొదిలి వెళ్ళిపోయారు. అక్కడితో కథ అయిపోదు. ఆ తర్వాత ఎవరో అధికారి "కౌలు" ఇచ్చి జనాన్ని తిరిగి పిలిపిస్తాడు. మొదటి ఏడు శిస్తు నామమాత్రం, రెండో ఏడు కొంచెం, మూడో ఏడు ఇంకొంచెం, అలా కొన్నేళ్ళకు గాని పూర్తి శిస్తు లేదు అని రాసిచ్చే కాగితమే కౌలు. రండి బాబూ, మీ వూళ్ళో మీరు దీపం పెట్టుకోండి అని సర్కారు బతిమాలడం.

ఎందుకు బతిమాలింది? దయ చేత కాదు లెండి. ఆ కాలంలో భూమి ఎక్కువ, మనుషులు తక్కువ. రైతు లేచిపోతే శిస్తు కట్టేవాడు లేడు. ఒక సంస్థానంలో పీడన ఎక్కువైతే రాత్రికి రాత్రి బళ్ళు కట్టుకుని పక్క సీమకు పోయేవాళ్ళు. వూరొదిలి పోవడం రైతు చేతిలో ఆయుధంగా వుండేది. ఆడవాళ్ళు అలిగి పుట్టింటికి పోవడం లాంటిదనుకోండి. పిలుచుకెళ్ళడానికి వచ్చేవాడున్నప్పుడే ఆ అలకకు విలువ.

ఇంకో సంగతి. రాజులు ఈ సీమలో వూరు పెట్టాలంటే ముందు చెరువు తవ్వించేవాళ్ళు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే చోటు ఇది. అదీ ఒక్కోసారి నాలుగు రోజుల్లో పడి, మిగతా ఏడాదంతా మొహం చాటేస్తుంది. పడ్డ నాలుగు రోజుల్లో పట్టుకోకపోతే ఇక అంతే. అనంతపురం పక్కనున్న బుక్కరాయసముద్రం చెరువు 14వ శతాబ్దంలో విజయనగరపు బుక్కరాయల నాటిది. ఆ చెరువుకట్ట తెగబోతే వూరి కోసం ముసలమ్మ అనే కోడలు గండిలో తనను తాను బలి ఇచ్చుకుందన్న కథ మీకు తెలిసే వుంటుంది. కట్టమంచి రామలింగారెడ్డిగారు కాలేజీ కుర్రాడుగా వున్నప్పుడు రాసిన "ముసలమ్మ మరణము" ఆవిడ కథే. కథలో నిజమెంతో నేను చెప్పలేను. కాని చెరువు పోతే వూరు పోతుందని వూరివాళ్ళకు ఎంత బాగా తెలుసో ఆ కథే చెబుతుంది. చెరువు తవ్వించినవాళ్ళకు, కాపాడేవాళ్ళకు దశబంధం అని మాన్యాలు ఇచ్చేవాళ్ళు. తర్వాత్తర్వాత చెరువు అందరిదీ అయింది. అంటే ఎవరిదీ కాకుండా పోయింది. పూడిక తీసేవాడు లేడు.

ఇక ధాత కరువు. 1876లో, ధాత నామ సంవత్సరంలో, రెండు రుతుపవనాలూ మొహం చాటేశాయి. కరువు మరుసటి ఏడు ఈశ్వరలోనూ వదల్లేదు. అంతకు ముందు మాత్రం వానలు తప్పలేదా అంటే, తప్పాయి. ప్రతి పెద్ద కాపు ఇంట్లో భూమిలో తవ్విన పాతర వుండేది. పండిన ఏడు జొన్నలు అందులో పోసి మట్టి కప్పేస్తే రెండు మూడేళ్ళు చెక్కు చెదరవు. కాని అప్పటికి కొన్నేళ్ళ ముందే గుత్తి మీదుగా రైలు వచ్చింది. ధర వున్నచోటికి గింజ వెళ్ళిపోవడం మొదలయింది. పంట అమ్మి శిస్తు రొక్కంగా కట్టాలి. పాతర అడుగు కనబడింది. రైలు కరువులో గింజలు తెస్తుంది అన్నారు. తెచ్చింది కూడా. కొనడానికి డబ్బేదీ?

1877 జనవరి ఒకటో తేదీన ఢిల్లీలో విక్టోరియా రాణికి చక్రవర్తిని బిరుదు ప్రకటిస్తూ లిట్టన్ ప్రభువు మహా దర్బారు జరిపాడు. ఆ నెలలోనే కరువు పనుల ఖర్చు తగ్గించడానికి సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు వచ్చాడు. పని చేసే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొద్దిపాటి డబ్బు అని తేల్చాడు. ఆడవాళ్ళకు అంతకన్నా తక్కువ. పౌను అంటే మన లెక్కలో అరకిలో కూడా లేదు. రోజంతా రాళ్ళు మోసే మనిషికి! డబ్బా కొలిచి బియ్యం పోసే మనకు ఎవరూ చెప్పనక్కరలేదు, అది చాలుతుందో చాలదో. మద్రాసు ఆరోగ్యశాఖ అధికారి డాక్టర్ కార్నిష్ అది చాలదని గట్టిగానే వాదించాడు. ఆ కరువులో దక్షిణాదిన అరకోటి మందికి పైగా పోయారని చరిత్రకారులు అంచనా వేశారు.

అప్పటికి మనం బళ్ళారి జిల్లాలో వున్నాం. 1882లో గాని అనంతపురం విడి జిల్లా కాలేదు. జిల్లాగా విడదీసిన తాలూకాల్లో 1871 లెక్కల ప్రకారం 7 లక్షల 40 వేల దాకా జనం వుంటే, 1881 లెక్కల నాటికి 6 లక్షలు కూడా లేరు. అంటే ఐదిళ్ళ వీధిలో ఒక ఇంటి దీపం ఆరిపోయినట్టు లెక్క. కొందరు చచ్చిపోయారు, కొందరు కనబడిన దారిపట్టి పోయారు. ఈసారి కౌలు కాగితం పట్టుకుని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు లేరు. మా వూరు కూడా అప్పుడే పలచబడిందని మామగారు వాళ్ళ అవ్వ నోట విన్నారట. చివరి రెండిళ్ళు మాత్రం చాలాకాలం వుండిపోయాయి. "నేను కాపరానికి వచ్చినప్పుడు రెండిండ్లలో పొగ లేస్తాండె" అనేది అత్తయ్య. 1952లో సీమ అంతటా కరువు వచ్చి గంజి కేంద్రాలు పెట్టారు చూడండి, ఆ ఏడు ఆ రెండిళ్ళూ తలుపులు మూసుకుని వెళ్ళిపోయాయి.

ఒకప్పుడు సీమ పల్లెల చుట్టూ నాగజెముడు కోటగోడలా అల్లుకుని వుండేదట. 1920ల చివర్లో ఒకరకం పురుగును వదిలి దాన్ని రూపుమాపారు. ఈ నాగజెముడు గురించి చదువుతుంటే ఒకచోట చెయ్యి ఆగిపోయింది. ఎక్కడో వున్న పాలస్తీనాలో కూడా రైతులు పొలాలకూ పెరళ్ళకూ నాగజెముడు కంచె వేసుకునేవాళ్ళట. 1948 యుద్ధకాలంలో అక్కడ నాలుగు వందలకు పైగా పల్లెలు ఖాళీ అయ్యాయి. ఏడు లక్షల మందికి పైగా ఇళ్ళు వదిలిపోయారు. వెనక్కి రానివ్వలేదు. చాలా పల్లెల్ని నేలమట్టం చేశారు. కాని నాగజెముడు వేళ్ళు చావలేదు. ఇప్పటికీ కొండవాలున నాగజెముడు పొదలు వరసగా కనబడితే, ఇక్కడ ఒక వూరుండేది అని తెలిసినవాళ్ళు గుర్తుపడతారట. జెరూసలేం పక్కన లిఫ్తా అనే పల్లెలో రాతి ఇళ్ళు, ఊటబావీ అలాగే నిలిచి వున్నాయి, మనుషులే లేరు. వెళ్ళిపోయిన కుటుంబాలు ఇంటి తాళంచెవులు దాచుకుని, కూతుళ్ళకూ మనవరాళ్ళకూ అప్పగిస్తున్నాయట. తలుపు లేదు, గోడ లేదు, తాళంచెవి మాత్రం వుంది.

వాళ్ళను తరిమినవాళ్ళు కంటికి కనబడతారు. మనవాళ్ళను తరిమింది ఎవరు? ఆకాశమేనా? ఆకాశం మీదకు నెట్టేస్తే మనకు హాయి. దాన్ని ఎవరూ బోనెక్కించలేరు గదా!

ఆకాశం పాపం ఏమీ లేని కథ మన సీమలోనే ఒకటి వుంది. శ్రీశైలం ఆనకట్ట కింద 1981లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా గ్రామాలు మునిగిపోయాయి. నీళ్ళు లేక కాదు, నీళ్ళు వచ్చి ఆరిపోయిన దీపాలవి. అప్పుడు కూడలి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయి విప్పి, జాగ్రత్తగా తీసుకొచ్చి అలంపురంలో మళ్ళీ కట్టారు. మంచి పనే. వెయ్యేళ్ళ గుడి మరి. కాని ఒక వూరివాళ్ళను అంత జాగ్రత్తగా, ఏ ఇంటి పక్కన ఏ ఇల్లుండేదో చూసి, తీసుకెళ్ళి మళ్ళీ వూరుగా నిలబెట్టినట్టు నేను ఎక్కడా చదవలేదు. నష్టపరిహారం పుచ్చుకుని తలో దిక్కూ పోయారు. ఏ ఇంటి గోడమీంచి ఏ ఇంటికి పులుసు గిన్నె అందేదో ఏ ఇంజనీరు నక్షాలో వుంటుంది చెప్పండి?

ఇక మన కాలం సంగతి. ధాత కరువులాగా ఒక్క దెబ్బకు వూరు ఆరిపోవడం ఇప్పుడు లేదు. గంజి కోసం చచ్చేవాళ్ళు లేరు. అంతవరకు మెరుగే. ఇప్పుడు వత్తి కాస్త కాస్తగా కాలిపోతోంది.

కొర్ర, సామ, అరికె, జొన్న వేసుకునే చేలల్లోకి వేరుశనగ వచ్చింది. చేతిలో నాలుగు రూపాయలు కనబడ్డాయి. జిల్లాలో లక్షల ఎకరాల్లో చెనక్కాయ తప్ప మరో పంట కనబడని రోజులొచ్చాయి. కొర్రలు తినకపోయినా ఇంట్లో వుంటే ధైర్యం. చెనక్కాయలు ఎన్ని తింటాం? పైగా ఒక్క పంట మీద వూరంతా కూర్చుంటే, ఆ పంటకు తెగులొచ్చినప్పుడు వూరంతా లేవాల్సిందే. 2000వ సంవత్సరంలో కాండం కుళ్ళు వైరస్ ఒక్క అనంతపురం జిల్లాలోనే సుమారు 2 లక్షల 25 వేల హెక్టార్లలో పంటను దెబ్బతీసింది. బోరు వేస్తే నీళ్ళు పడతాయని అప్పు చేసి వేశారు. పడలేదని ఇంకొకటి వేశారు. ఆ అప్పుల్లో ఎందరు ఇల్లాళ్ళ పుస్తెలు కరిగిపోయాయో, ఎందరి పసుపుకుంకాలు పోయాయో మీరు పేపర్లలో చదివే వుంటారు.

రాయదుర్గం దాటి బొమ్మనహాళ్ వైపు వెళ్తే, దర్గా హొన్నూరు దగ్గర ఇసక దిబ్బలు కనబడతాయి. వేదవతి నదిని అక్కడ హగరి అంటారు. నది ఎండిపోయి, గాలికి ఇసక లేచి చేలమీద మేట వేస్తోంది. చూసినవాళ్ళు రాజస్థానం అనుకుంటారు. పొద్దున చిమ్మిన వాకిట్లో సాయంత్రానికి మళ్ళీ ఇసకే. ఎన్నిసార్లు చిమ్ముతుంది ఏ ఇల్లాలయినా?

అంచేత బెంగుళూరు బస్సు ఎక్కుతున్నారు. మొగుడు అక్కడ కట్టే మేడలకు ఇటుకలు మోస్తాడు, కట్టడం అయ్యాక అదే మేడకు కాపలా వుంటాడు. పెళ్ళాం ఆ మేడలో నాలుగిళ్ళు పట్టుకుని అంట్లు తోముతుంది. కదిరి వైపు నుంచి ఆడవాళ్ళు కువైటు దాకా పోయి ఇంటిపనులు చేస్తున్నారు. తన ఇంటి తలుపు గొళ్ళెం వేసి, ఇంకొకరి ఇంట్లో స్విచ్చి నొక్కి దీపం వెలిగిస్తోందన్నమాట. పల్లెలో ముసలివాళ్ళు, వాళ్ళకు అప్పగించిన పసిపిల్లలు మిగులుతున్నారు. ఓట్లకూ పీర్ల పండగకూ బస్సులు నిండి వస్తాయి. మూడోరోజుకు మళ్ళీ ఖాళీ.

అలాగని అంతా చీకటే అనను. 2006 ఫిబ్రవరి 2న దేశంలో ఉపాధి హామీ పథకాన్ని మొదలుపెట్టింది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. వూళ్ళోనే పని చూపిస్తే వూరొదలరన్న సంగతి ఆ సర్కారుకు తోచింది. టెంపుల్ దొర పౌను గింజల నుంచి అక్కడికి రావడానికి నూట ముప్పయ్యేళ్ళు పట్టింది! 2012లో హంద్రీనీవా కాలవ వెంట కృష్ణ నీళ్ళు జీడిపల్లి దాకా వచ్చాయి. నీళ్ళు అందిన చోట్ల చీనీ, దానిమ్మ, అరటి తోటలు లేచాయి. ఆ వైపు కొన్ని పల్లెల్లో మూసిన తలుపులు తెరుచుకోవడం నేను కళ్ళారా చూశాను. నేను పుట్టిన వూరి కాలవ నీళ్ళు నేను మెట్టిన సీమకు వచ్చాయని ఆవేళ నాకు ఎంత గర్వమో!

అంటే ఆకాశం అదే, గరుసు నేల అదే. నీళ్ళో పనో చేతికి అందినచోట మనిషి నిలబడ్డాడు. వాన లేనందుకే వూరు ఆరిపోతే ఈ సీమలో విజయనగరం నాటి వూళ్ళు ఒక్కటీ మిగిలేవి కావు. వూరొదిలిపోయిన మనిషిని వెనక్కి పిలిచేవాడు లేనప్పుడే వూరు ఆరిపోతుంది. ఆ రోజుల్లో సర్కారు తన శిస్తు కోసమే పిలిచిందనుకోండి. పిలిచింది గదా! ఈవేళ నాలుగిళ్ళు ఖాళీ అయితే ఎవరి ఖజానాకు లోటు? బెంగుళూరుకు చవగ్గా కూలీ దొరుకుతాడు, పట్నంలో మనకు చవగ్గా పనిమనిషి దొరుకుతుంది. ఈ మాట రాస్తుంటే మా ఇంట్లో అంట్లు తోముతున్న చప్పుడు వినబడుతోంది. ఆవిడది ఏ వూరో పదేళ్ళుగా నేను అడగలేదు. ఈ వ్యాసం మొదలుపెట్టాక నిన్ననే అడిగాను. "యాదో పల్లెలేమ్మా, చెప్పినా మీకు తెలీదు" అంది. అయినా చెప్పమన్నాను. చెప్పింది. తర్వాత చాలాసేపు చెబుతూనే వుంది.

పాలస్తీనా అమ్మలకు తాళంచెవులున్నాయి. మనకేమున్నాయి? ఇంటిపేర్లు. కాదంటారా? పుట్టిన ఆడపిల్ల ఆ పేరు పుట్టింట్లో వదిలేస్తుంది, మెట్టినింటి వూరి పేరు మోస్తుంది. తానెప్పుడూ చూడని వూరిని పెళ్ళిపత్రికల మీదా, రేషన్ కార్డు మీదా, పిల్లల బడి రిజిస్టర్లోనూ బతికిస్తుంది. మీ ఇంటిపేరు వూరు ఎక్కడుందో ఎప్పుడయినా అడిగారా? ఇంట్లో పెద్దవాళ్ళు వుండగానే అడిగి, ఓ కాగితం మీద రాసి పెట్టుకోండి. ఎప్పుడు వచ్చేశారు, ఎందుకు వచ్చేశారు, అక్కడ బావి పేరేమిటి, అమ్మవారి పేరేమిటి. రెవిన్యూ రిజిస్టర్లో వీటికి గడి లేదు. మనం రాసుకోకపోతే ఇంకెవరూ రాయరు.

మామగారు పోయారు, అత్తయ్యా పోయింది. కార్తీకంలో ఇప్పుడు నేనే వెళ్తున్నాను. మోకాళ్ళ నొప్పులతో ఆ రెండు మైళ్ళు ఇప్పుడు నాలుగు మైళ్ళయ్యాయి. కిందటేడు వేపచెట్టు కింద దీపం పెడితే గాలికి మాటిమాటికీ ఆరిపోయింది. గొర్రెలు తోలుకుపోతున్న ఒకావిడ నిలబడి చూసి, "ఆ రోట్లో పెట్టమ్మా, గాలి తగలదు" అంది.

రోట్లో పెట్టాను. నేను బస్సెక్కేదాకా వెలిగే వుందని ఆ తర్వాత ఆవిడే పక్క వూళ్ళో చెప్పిందట.